మూడు బైట్ల పొదుపు

పందొమ్మిదో భాగం

శుక్రవారం పొద్దున ఆరూ పదికి బ్రుస్నా వాగు మీది పెట్టె నోరు మూసుకుంది. అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నం దాకా మనం వెందుల వెంట తిరుగుతూనే ఉన్నాం. ఆ పెట్టె అడవిలో ఓ పాత వంతెన స్తంభానికి బిగించి ఉంటుంది. పది నిమిషాలకోసారి వాగు ఎంత ఎత్తున పారుతోందో కొలిచి కబురు పంపడం దాని పని. నీరు రెండు వందల పది సెంటీమీటర్లు దాటితే దిగువనున్న జాబ్రది ఊళ్ళో సైరన్ మోగించాలి. వంతెన దగ్గరి నీళ్ళు ఊరు చేరడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరే జాబ్రది జనానికి ఆధారం. వాన మొదలై మూడు రోజులైంది. వంతెనకు పోయే అడవి దారి కొండచరియ విరిగిపడి మూసుకుపోయింది.

పెట్టె లోపల నడిచేది క్రెమెన్. బ్ర్నో నగరంలో పాత నూలుమిల్లు మూడో అంతస్తులో కూర్చుని పదిమంది ఇరవై ఏళ్ళుగా జీతం భత్యం లేకుండా రాసుకుంటున్న ఆపరేటింగ్ సిస్టమ్ అది. అందులో ప్యాకెట్లకు, అంటే కబుర్ల పొట్లాలకు, దారి చూపే కోడ్ మొత్తం వెందుల సమ్కోవా చేతిలో ఉంది. కబుర్లను దారి తప్పిస్తున్న వాక్యాన్ని ఆమె ఎట్టకేలకు పట్టుకుంది. ఇది రాసిన మహానుభావుడెవరో చూద్దామని మార్పుల చరిత్ర తెరవడంతో పోయిన వారం కథ ఆగింది.

తెరిస్తే అక్కడ ఉన్నది తన పేరే.

పన్నెండేళ్ళ కిందటి తేదీ. కింద ఒక్క ముక్క వ్యాఖ్య: 'ప్రతి పద్దుకు మూడు బైట్లు ఆదా.' ఆ రోజు వెందులకు బాగా గుర్తుంది. మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. కోడ్ పెంచినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. తగ్గించినవాడే మొనగాడు. ఏడాదిలో ఎవరు ఎక్కువ కత్తిరిస్తే వాళ్ళ పేరు గోడకున్న చిన్న చెక్క గొడ్డలి మీద కాల్చి రాస్తారు. ఆ ఏడాది గొడ్డలి మీద పడిన పేరు వెందులదే. అందరూ బీరు గ్లాసులు ఎత్తారు. ఆమె సిగ్గుపడుతూనే ఎంతో మురిసిపోయింది.

ఇంతకీ కత్తిరించింది ఒక లెక్క. దారి మారిన ప్రతిసారీ ఆ లెక్క ఒకటి పెరుగుతుంది. ప్రతి కబురుకూ పాత దారి రాసుకున్న చీటీ ఒకటి ఉంటుంది. చీటీ మీది లెక్కా అసలు లెక్కా ఒకటైతే ఆ దారినే పోవాలి, తేడా వస్తే చీటీ పారేసి కొత్త దారి వెతుక్కోవాలి. లెక్కకు నాలుగు బైట్లు ఎందుకు దండగ, ఒకటి చాలదా అనుకుంది వెందుల. ఒక్క బైటులో రెండు వందల యాభై అయిదు దాకానే పడుతుంది. ఆపైన పాత స్కూటరు మీటరులాగా మళ్ళీ సున్నా. ప్రయోగశాలలో కేబుల్‌ను పదిసార్లు పీకి పదిసార్లు పెట్టి, బాగానే ఉందని భోజనానికి వెళ్ళారు. రెండు కబుర్ల మధ్య సందులో కేబుల్ సరిగ్గా రెండు వందల యాభై ఆరు సార్లు వచ్చి పోతుందని ఎవరు కలగంటారు? పిడుగులు పడుతున్న ఆ అడవిలో శుక్రవారం పొద్దున అదే జరిగింది. లెక్క గుండ్రంగా తిరిగి మొదటికొచ్చింది, ఆ చివరిసారి పోయిన కేబుల్ అలాగే చచ్చింది. పెట్టెకున్న రెండో దారి, మొబైల్, నిక్షేపంలా ఉంది. అయినా పాత చీటీ చూసుకుని, చచ్చిన కేబుల్లోకే జవాబులు పోస్తోంది. ఇటునుంచి మనం పంపేవి దానికి చేరుతున్నాయి. దాని జవాబే మనకు రావడం లేదు.

"ఏంటి పిల్లా, దెయ్యాన్ని చూసినట్టున్నావ్?" అన్నాడు ఓటకర్.

అరవై ఎనిమిదేళ్ళ పెద్దాయన. క్రెమెన్‌కు మొదటి వాక్యం రాసింది ఆయనే. కాళ్ళకు గళ్ళ చెప్పులు, చేతిలో చల్లారిన టీ. మిల్లులో ఎవరైనా సరే బూట్లు గుమ్మం దగ్గర విడిచి ఇంటి చెప్పులు తొడుక్కోవాల్సిందే. ఎంత పెద్ద ఆపద వచ్చినా ఆ గదిలో మనుషులు చప్పుడు లేకుండా నడుస్తారు.

వెందుల తెర ఆయన వైపు తిప్పింది. ఆయన చదివాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ చదివాడు.

"దీనికి 'సరే' అన్నది నేనేగా," అన్నాడు నెమ్మదిగా.

క్రెమెన్‌లో ఒక్క అక్షరం మారాలన్నా ఇంకొకరు చదివి 'సరే' అని రాయాలి. అది లేకుండా మార్పు లోపలికి పోదు. తప్పులో ఎప్పుడూ ఇద్దరికి వాటా ఉంటుంది.

"మళ్ళీ నాలుగు బైట్లు చేశాను పెద్దాయనా. చూడండి, ఒకటే వాక్యం."

ఆయన చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. 'సరే' అని రాశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందు తయారైంది గానీ రోగి నోరు తెరవడం లేదు. ఆ పెట్టెలోకి కొత్త కోడ్ ఎక్కించాలంటే అది ముందు జవాబివ్వాలి. జవాబులే కదా చచ్చిన కేబుల్లో పడుతున్నాయి!

"పెట్టెను ఒక్కసారి ఆపి మళ్ళీ వేస్తే చాలు," అంది వెందుల. "చీటీలన్నీ పోతాయి. మొబైల్ దారి పట్టుకుని మాట్లాడుద్ది. కానీ వేసేదెవరు? అక్కడికి మనిషి పోలేడు."

ఓటకర్ టీ కప్పు కింద పెట్టాడు. "జవాబు అడక్కుండా ఒకే ఒక్క ప్యాకెట్టుతో పెట్టెను తిరిగి లేపే పద్ధతి ఒకటి ఉండేది మన దగ్గర."

ఆ పద్ధతి రాసింది లుబోష్. దొంగ తలుపు పెట్టాడని మార్చిలో అందరి ముందూ తిట్టి, దాన్ని పీకేయించి, అతను తనంతట తాను వెళ్ళిపోయేదాకా వదలనిది వెందుల. ఇప్పుడతను నదుల ఆఫీసులో పని చేస్తున్నాడు. బ్రుస్నా మీద పెట్టె బిగించింది అతనే.

"నేను చెయ్యనా ఫోను? నువ్వు చేస్తావా?"

"నేనే చేస్తాను," అంది.

గదిలో మిగిలిన ఎనిమిది మందీ కీబోర్డుల మీద చేతులు ఆపేశారు. వెందుల ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. రెండు మోతలకే ఎత్తాడు.

"చెప్పండి ఇంజనీరమ్మ గారూ."

పదకొండేళ్ళు నువ్వు నువ్వు అని పిలుచుకున్నవాళ్ళు. ఆ 'మీరు' చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

"లుబోష్, బ్రుస్నా పెట్టె..."

"తెలుసు. నిన్న పొద్దుట్నుంచి ఇక్కడ మా వాళ్ళు నా బుర్ర తింటున్నారు. కేబుల్ సరిచూసుకోమని చెప్పమంటారా?"

"తప్పు నాది," అంది వెందుల. ఇలాంటి మాటలు ముందే తయారు చేసుకుంటే రావు. దూకేయాలి. "లెక్కకు ఒక బైటు పెట్టింది నేను. వానొస్తే జవాబులు మాయమవుతున్నాయని నువ్వు మార్చిలో చెప్పింది నిజం. నేను వినలేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఎంతమంది వింటున్నారు?"

"అందరూ."

"అప్పుడు కూడా అందరికీ రాశారుగా. ఆ ఉత్తరం తీయండి. చదవండి, వాళ్ళకు వినపడేలా."

"లుబోష్, ఇప్పుడు టైము లేదు. ఊరుంది కింద..."

"ఊరుందని నాకు తెలీదనుకున్నారా? ఆ ఊరి వంతెన దగ్గరే మా వాళ్ళు ఇసక మూటలు మోస్తున్నారు. చదవండి. రెండు నిమిషాల పని."

ఓటకర్ ఏదో అనబోయాడు. వెందుల చెయ్యెత్తి ఆపింది. ఉత్తరం వెతకడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. ఆమెకు ఆ తేదీ తెలుసు. చదవడం మొదలుపెట్టింది.

"'లుబోష్ పంపిన మార్పును ఈ రోజు తీసేశాం. జవాబు లేకుండా పెట్టెను ఆడించే దారి దొంగలకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. అతను చెబుతున్న లోపం నా యంత్రం మీద ఒక్కసారీ రాలేదు. అలా జరగదు. జరగడానికి వీల్లేదు...'"

ఆగింది. తన నోటితో తన మాటలే ఇంత చేదుగా ఉంటాయని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. బల్లకు అటువైపు కుర్రవాడు యీర్కా ఎవరి మొహమూ చూడలేక చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"ఆపారేం? ఇంకో రెండు వాక్యాలున్నాయి."

"'అడవిలో ఎలకలు కొరికిన తీగలకు మా కోడ్‌ను నిందించడం అన్యాయం. ముందు వెళ్ళి నీ కేబుల్ సరిచూసుకో.'"

"ఆ చివరిదే," అన్నాడు లుబోష్.

"ఏంటి?"

"ఆ చివరి వాక్యమే తాళం, పాస్‌వర్డ్ అన్నమాట. మీరు తీసేసినదాన్ని ఏప్రిల్‌లో నేను ఆ ఒక్క పెట్టెలో మళ్ళీ పెట్టుకున్నా. నాకు మీ యంత్రం మీద నమ్మకం లేదు, ఆ వాగు మీద నమ్మకముంది. తాళం పెట్టేటప్పుడు మంట మీదున్నాను. మీ మాటే పెట్టా. ఖాళీలు లేకుండా, చివర చుక్కతో సహా." అతనే మళ్ళీ అన్నాడు. "అలాంటిది పెట్టనని మా ఆఫీసుకు రాసిచ్చాక పెట్టాను కాబట్టి ఈ మాటతో నా ఉద్యోగం ఊడుద్ది. పది మంది సాక్ష్యం కూడా ఉంది. పోనీండి. నిన్నే మా ఆఫీసరుకు చెప్పి కొట్టాల్సింది ఆ ప్యాకెట్టు. ఒక రోజంతా భయపడుతూ కూర్చున్నాను. మీ తప్పు పన్నెండేళ్ళది, నాది ఒక్క రోజుది. ఏది పెద్దదో వాగే చెప్పాలి."

వెందులకు ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు. రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి సరిగ్గా పడింది. రెండూ పదకొండుకు ఆ ఒక్క ప్యాకెట్టు బయల్దేరింది. అది చేరిందో లేదో తెలిసే మార్గం లేదు. రసీదు అడగని ఉత్తరం అది.

"లేవడానికి నాలుగు నిమిషాలు," అన్నాడు లుబోష్ ఫోనులో.

నాలుగు నిమిషాలు పదిమందీ ఆ నల్లటి తెర ముందు నిలబడ్డారు. కిటికీ అద్దాల మీద వాన కారుతోంది. ఎవరో మధ్యాహ్నం తెచ్చుకున్న సాసు, పిండి ఉండలు పళ్ళెంలో అలాగే గట్టిపడ్డాయి. ఓటకర్ పెదాలు కదుపుతున్నాడు. దేవుణ్ణి నమ్మనని నలభై ఏళ్ళుగా చెప్పుకునే మనిషి.

రెండూ పదిహేనుకు తెర మీద ఒక వరస పడింది.

శుక్రవారం 6:20 — 88.

గది గదంతా అరిచింది. యీర్కా పక్కవాణ్ణి వాటేసుకున్నాడు. వెందుల మాత్రం అరవలేదు. తేదీ చూసింది. అది నిన్నటి కొలత.

"పాతవి దాచుకుంది," అంది. "వరసగా పంపుతోంది. ముందు పాతవి, తర్వాత కొత్తవి."

"ఇప్పటిది ముందు పంపమని చెప్పలేమా?"

"నూట తొంభై కొలతలు. రెండు సెకన్లకొకటి. మనం చెప్పేలోపు అదే వస్తుంది. ఇప్పుడు దాన్ని కదిలిస్తే ఏమవుద్దో... ముట్టుకోకండి."

ముట్టుకోలేదు. నిన్నటి రోజు తెర మీద మెల్లగా గడవడం మొదలైంది. నిన్న మధ్యాహ్నం 104. నిన్న సాయంత్రం 121. రాత్రి గంటలు టకటకా జారిపోయాయి. 139, 140, 140, 142. జరిగిపోయిన వరదను కూర్చుని చూడడం కన్నా నరకం లేదు. వాగు అప్పుడు ఎంతుందో తెలుస్తోంది, ఇప్పుడు ఎంతుందో తెలియడం లేదు. ఈ పొద్దున ఏడింటికి 163. ఎనిమిదికి 171. తొమ్మిదింటికి 180.

వెందుల రెండో ఫోనులో జాబ్రది సర్పంచి బ్లాంకాను పట్టుకుంది.

"కొలతలు వస్తున్నాయండీ. ఇంకో నిమిషంలో ఇప్పటి అంకె చెబుతాను."

"చెప్పు తల్లీ, చెప్పు. చేత్తో బొత్తాం పట్టుకునే ఉన్నా."

శనివారం 9:50 — 189.

తర్వాతది రాలేదు.

రెండు సెకన్లు. పది సెకన్లు. నిమిషం. తెర మీద గీత ఊరికే మిణుకుమంటోంది.

"అమ్మాయ్, ఉన్నావా?" అంది బ్లాంకా.

"పొద్దున తొమ్మిదీ యాభైకి నూట ఎనభై తొమ్మిది. ఆపైన ఆగింది."

"నూట ఎనభై తొమ్మిదా? రెండొందల పదికి కదా మోగించేది. ఇక్కడ పదింటి నుంచి వాన కాస్త తెరిపిచ్చింది. మా వంతెన కింద ఎర్రగా పారుతోంది గానీ గట్టు దాటలా." ఆమె గొంతు తగ్గించింది. "విను. పదిహేను రోజుల కింద నదుల ఆఫీసు అంచనా నమ్మి ఊరంతటినీ కొండ మీది బడికి తోలాను. నూట నలభై ఇళ్ళు. మంచం పట్టినవాళ్ళను కూడా మోయించాను. తీరా చూస్తే నీళ్ళు మా బాతుల కాళ్ళు కూడా తడపలా. అప్పట్నుంచి నేను బయటికొస్తే, 'సర్పంచమ్మకు చెమట పట్టినా వరదంటుంది' అని నవ్వుతున్నారు. ఇంకొక్కసారి మోగిస్తే కదులుతారు. అదీ తిట్టుకుంటా కదులుతారు. అది కూడా ఉత్తదైతే ఇక నిజం వరదొచ్చినా ఎవడూ గడప దాటడు. నా దగ్గర ఉన్నది ఒక్క మోతే. దాన్నెప్పుడు వాడాలో నువ్వు చెప్పు."

వెందుల ఫోను చేత్తో మూసి లుబోష్‌ను అడిగింది. "పెట్టె ఎంత ఎత్తున బిగించావు?"

"మూడు మీటర్లు. అడుగు అంచు మూడు వందల సెంటీమీటర్లకు." ఆగాడు. "వెందులా, అది మునిగిందా, మళ్ళీ అదే లోపమా?"

అతను 'వెందులా' అన్నాడని ఆమె గమనించనే లేదు. లెక్క వేస్తోంది. లోపం మళ్ళీ రావాలంటే కేబుల్ వచ్చి పోతూ ఉండాలి. కేబుల్ నిన్ననే చచ్చింది. దారి ఒకటే, మొబైల్. దారి మారకపోతే లెక్క కదలదు. లెక్క కదలకపోతే చీటీ పొరబడదు. కాబట్టి లోపం కాదు. లోపం కాకపోతే నీళ్ళే. మూడు వందలు.

"ఇంకేదన్నా ఉండొచ్చేమో పిల్లా," అన్నాడు ఓటకర్.

"ఇంకేముంటుంది? చీటీలన్నీ పోయాయి. అదే లోపం మళ్ళీ జరగదు. జరగడానికి..."

ఆ వాక్యాన్ని పావుగంట కిందటే అందరి ముందూ చదివింది. కానీ ఈసారి లెక్క నిజంగానే సరిగ్గా ఉంది. ఎటునుంచి చూసినా సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉన్న లెక్కను తన మీద తనకు నమ్మకం పోయిందని పక్కన పెట్టడానికి లేదు. కింద నూట నలభై ఇళ్ళున్నాయి.

"లుబోష్, నువ్వేమంటావ్?"

"నేనా? నేను మీ కోడ్ చదివి నెలలైంది. నువ్వు చదివింది గంట కిందట." అతని గొంతులో ఇప్పుడు ఎత్తిపొడుపు లేదు. "నువ్వే అనాలి."

ఆమె చెయ్యి తీసింది. "బ్లాంకా గారూ, పెట్టె మునిగింది. నీళ్ళు మూడు వందల దగ్గరున్నాయి. మోగించండి."

"నీ మాటేనా?"

"నా మాటే."

"సరే," అంది బ్లాంకా.

ముందు చిన్న గురగుర, తర్వాత లోతునుంచి పైకి లేచిన అరుపు. ఫోను చెవి దగ్గర పెట్టుకోలేక వెందుల దాన్ని బల్ల మీద పడేసింది. సైరన్ కింద ఎవరివో అరుపులు, తలుపుల చప్పుళ్ళు, ఒక పిల్ల ఏడుపు. "నాన్నమ్మను లేపండ్రా!" అని ఎవరో మగమనిషి. బ్లాంకా బయటికి పరుగెత్తుతూ ఫోను పెట్టేసినట్టుంది. టక్కున తెగింది. గడియారంలో రెండూ ఇరవై తొమ్మిది.

ఓటకర్ వచ్చి వెందుల భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తల ఆయన చేతికి ఆనించింది. నిన్నటి నుంచి పట్టిన ఊపిరి అప్పుడు వదిలింది.

"వెందులా," అన్నాడు యీర్కా. "తెర చూడు."

శనివారం 10:00 — 191.

దాని కింద ఇంకోటి పడింది. 10:10 — 191. రెండు సెకన్లాగి ఇంకోటి. 10:20 — 192.

పెట్టె మునగలేదు. దానికేమీ కాలేదు. కొండమీది మొబైల్ టవరు ఎనిమిది నిమిషాలు ఊపిరాడక ఆగి, ఇప్పుడు మళ్ళీ అందుకుంది. అంతే. రోజూ ఎవరి ఫోనులోనైనా జరిగేదే. కోడ్‌లో ఏది జరగదో తప్ప ఆమె ఇంకేమీ ఆలోచించలేదు.

"పెట్టె బతికే ఉంది," అన్నాడు లుబోష్ ఫోనులో. అతనికీ కనబడుతోంది. "ఇప్పుడు ఎంతుందో మాత్రం..."

10:30 — 192. 10:40 — 191. అంకె కిందికి దిగింది.

వెందుల బ్లాంకా నంబరు నొక్కింది. మోగుతోంది. మళ్ళీ నొక్కింది. అక్కడ ఊరంతా వానలో, తన మాట మీద, ముసలివాళ్ళను మోసుకుంటూ కొండెక్కుతోంది. ఇక్కడ తెర మీద వాగు ఇంకా పొద్దున పదకొండు దగ్గరే ఉంది. అది మధ్యాహ్నం రెండున్నరకు చేరేదాకా తాను ఊరికి చేసింది మేలో కీడో ఎవరూ చెప్పలేరు. 10:50 — 190. జాబ్రదిలో ఎవరూ ఫోను ఎత్తడం లేదు.